నన్ను తప్పుగా లెక్కగట్టిన చెట్టు

లేటు వయసులో అక్షరాలు నేర్చుకున్నదానికి కంప్యూటరు ఎందుకని అడిగినవాళ్లు జనగామలో చాలామంది ఉన్నారు. డేటా మైనింగ్ ఎందుకని అడిగినవాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్లలో సగం మందికి అదేమిటో తెలియదు. ఏమిటో తెలియకపోయినా, నాకు అక్కర్లేదన్న సంగతి మాత్రం వాళ్లకు గట్టిగా తెలుసు.

అక్షరాల సంగతి ముందు చెప్పాలి. మా చిన్నబిడ్డ రెండో తరగతిలో ఉన్నప్పుడు సాయంత్రాలు నా కుట్టుమిషను పక్కన కూర్చుని పాఠం చదివేది. పాఠంలో ఒక కుందేలు ఉండేది. ఒకరోజు ఆ కుందేలు అడవి దాటి, రోడ్డు దాటి, మా గల్లీలోని మిర్చిబజ్జీల బండి దగ్గరికి వచ్చి ఆగింది.

"గిది గూడ పుస్తకంల ఉన్నదా బిడ్డా?" అని అడిగాను.

"ఉన్నదమ్మా, గిక్కడనే," అని వేలు పెట్టి చూపించింది.

ఆ వేలి కింద ఏముందో నాకు తెలియదు. పిల్ల చదువుతోందో, కల్పించి చెబుతోందో తేల్చుకోలేని తల్లిగా ఉండటం నాకు నచ్చలేదు. ఆ వారమే పలక పట్టాను. కుందేలు మా గల్లీకి రాలేదని తెలుసుకోవడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది. ఆ తర్వాత ఆగబుద్ధి కాలేదు. దూరవిద్యలో పది రాసి, ఒకసారి తప్పి, మళ్లీ రాసి గట్టెక్కాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజుల్లో జనగామలో ఒక సంస్థవాళ్లు ఆడవాళ్లకు కంప్యూటరు నేర్పే కేంద్రం పెట్టారు. నేనూ, పక్క వీధిలో గాజుల దుకాణం నడిపే ఒక చెల్లె కలిసి చేరాం. ఆ చెల్లెది ముస్లిం కుటుంబం. ఇంటర్ దాకా ఉర్దూలోనూ తెలుగులోనూ చదువుకుంది. నన్ను ఆపా, అంటే అక్కా, అంటుంది. టైపింగు, లెక్కల పట్టీలు అయ్యాక చివర్లో ఒక భాగం ఉంది, డేటా మైనింగ్ మొదటి పాఠాలు, అంటే పోగుపడ్డ సమాచారాన్ని తవ్వి సంగతులు బయటికి తీయడం. అది పూర్తి చేసినవాళ్లకు హైదరాబాదు కంపెనీల పని ఇక్కడికే తెప్పిస్తామని చెప్పారు. డిగ్రీ చదివిన ఆడపిల్లలు చాలామంది పేర్లిచ్చారు. నేనూ ఇచ్చాను.

కేంద్రం ఇన్‌చార్జి మేడం కోస్తా వైపు నుంచి వచ్చినావిడ. చెడ్డ మనిషి కాదు. కానీ నేను నోరు తెరిస్తే చాలు, పెదవి చివర ఒక చిన్న నవ్వు వచ్చేది. సినిమాల్లో పనిమనుషులు, రౌడీలు మా భాష మాట్లాడితే హాల్లో పుట్టే నవ్వు అది. నాకు బాగా తెలిసిన నవ్వు.

"ఏమండీ, మీకు టైపింగు చక్కగా వచ్చింది కదా. ఇది డిగ్రీ పిల్లలకండీ. మీరెందుకు శ్రమపడటం?" అంది.

"శ్రమ నాది గద మేడం. సీటు ఒక్కటే మీది," అన్నాను.

పాఠం చెప్పే సారు రఘునాథపల్లి నుంచి మోటారు సైకిలు మీద వచ్చే కుర్రాడు. ఇంజనీరింగు చదివి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. ఆ సారే మధ్యలో కలగజేసుకున్నాడు. మొదటి పాఠాలు అందరూ వినొచ్చు, తర్వాత ఎవరికి వాళ్లు సొంతంగా సమాచారం పోగుచేసి అందులోంచి ఏదైనా ఒకటి తేల్చి చూపించాలి, చూపించినవాళ్లు ఉంటారు, లేనివాళ్లు లేచిపోతారు అన్నాడు. మేడం సరేనంది. నా సీటు ఆ పని మీద ఆధారపడింది.

మొదటి పాఠం ప్రశ్నల చెట్టు. సారు దాన్ని నాకు కుట్టుపనితోనే చెప్పాడు. "అక్కా, నీ దగ్గరికి బట్ట పట్టుకొని ఒకామె వస్తది. ముందుగాల ఏమడుగుతవ్?"

"పెద్దమనిషికా, చిన్నపిల్లకా అని."

"తర్వాత?"

"పెండ్లికా, రోజూ కట్టుకునుడుకా అని. పెండ్లికైతె అద్దాల పని ఉన్నదా అని."

"గదే చెట్టు. ఒక్కో ప్రశ్నకాడ ఒక్కో కొమ్మ. గని ఏ ప్రశ్న ముందుగాల అడగాల్నో నీకెవలు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. ఎన్నో ఏళ్లు ఎంతోమందికి కుట్టాక తెలిసింది. యంత్రం కూడా అలాగే నేర్చుకుంటుందని, ఇప్పటిదాకా వచ్చినవాళ్లందరినీ దాని ముందు పెడితే ఏ ప్రశ్న అడిగితే మనుషులు బాగా విడిపోతారో అదే ముందుకు తెస్తుందని చెప్పాడు. ఇంగ్లీషులో చాలా పెద్దగా వినిపించిన మాట నా మిషను పక్కకు వచ్చి కూర్చుంది.

ఏం తేల్చాలో నాకు ఆలోచించే పనే పడలేదు. ఏ ఆడపిల్లకు చదువు వస్తుంది, ఏ ఆడపిల్లకు రాదు? అదే అడుగుతానన్నాను. మా ఆయన రాత్రి అన్నం తింటూ ఆ మాట విని నవ్వాడు. "గింతేనా? పైసలున్నోళ్లకు వస్తది, లేనోళ్లకు రాదు. గీ ముచ్చటకు కరెంటు దండుగ."

"నీ తమ్మునికి పైసలుండె. వచ్చిందా?" అన్నాను. ఆయన పచ్చిపులుసు కలుపుకున్నాడు.

నేనూ గాజుల చెల్లె కూర్చుని ప్రశ్నలు రాసుకున్నాం. తల్లిగారింట్లో నీ వెనక ఎందరు చిన్నపిల్లలు ఉండేవాళ్లు? బడి ఎంత దూరం? అమ్మ కూలికి పోయేదా? ఇంట్లోగాని, పక్కింట్లోగాని చదువు వచ్చిన ఆడమనిషి ఉండేదా? చివరికి, నీకు చదువు వచ్చా? సంసారం గుట్టు చెప్పుకోవాల్సిన ప్రశ్నలు పెట్టలేదు.

అప్పుడు సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. ఊళ్లల్లో, పట్నాల్లో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటా వార్పు మొదలైంది. జనగామ చౌరస్తాలో పొయ్యిల మీద పెద్ద గంజులు ఎక్కించిన రోజు నేను ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్లే. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఉల్లిగడ్డ కోస్తూ అడిగాను, బియ్యం ఏరుతూ అడిగాను. చెల్లె పక్కన కూర్చుని రాసుకుంది. పప్పు ఉడికేలోపు కాగితాలు నిండిపోయాయి. ఒక పెద్దామె నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి, "ఇంతకు తెలంగాణ ఎప్పుడొస్తదో గది రాసుకోలేదేంది?" అంది. అందరం నవ్వాం.

కాగితాలు సారు ముందు పెట్టాను. సారు యంత్రంలోకి ఎక్కించాడు. తెర మీద చెట్టు వస్తుందని చూస్తుంటే ఒకే ఒక్క గడి వచ్చింది. అందులో చదువు వచ్చు అని ఉంది. కొమ్మ లేదు, రెమ్మ లేదు.

"అక్కా, గిది చెట్టు గాదు, మొద్దు," అన్నాడు సారు.

వెనక నుంచి డిగ్రీ పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను సారు వైపు తిరిగాను.

"ఎందుకొచ్చింది గిట్ల?"

"నువ్వడిగినోళ్లు అందరు మహిళా సంఘం ఆడోళ్లే గద. మీటింగులల్ల సంతకాలు నేర్చుకున్నోళ్లు, పేపరు చదివేటోళ్లు. చదువు రాని మనుషులు గీ కాయితాలల్ల లేనే లేరు. ఒక్క తీరు మనుషులనే చూపిస్తె అది ఏం నేర్చుకుంటది?"

"అంటె రోడ్డు మీద కూసున్నోళ్లు లెక్కలకు రారా సారు?"

"వస్తరక్కా. రోడ్డు మీదికి రానోళ్లు ఏరి మరి?"

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ రోజుల్లో టీవీల్లో ఎదుటిపక్షంవాళ్లు ప్రతి పూటా అదే అనేవాళ్లు. రోడ్డు మీద ఉన్నది నలుగురే, మిగతా జనానికి రాష్ట్రం అక్కర్లేదు అని. సారు ఆ మాటే తిప్పి అంటున్నాడనిపించింది. మా జిల్లా పిల్లగాడే ఇలా అంటాడా అని కోపం వచ్చింది. కాగితాలు తీసుకుని, చెప్పులు సగం వేసుకుని బయటికి వచ్చేశాను.

గాజుల చెల్లె నా వెంట పరుగెత్తి వచ్చింది. "ఆపా, ఆగు జర. సారు చెప్పింది గలత్ ఏమున్నది? మా అమ్మ వచ్చిందా చౌరస్తాకు? రాలే. రాష్ట్రం వద్దనా? మోకాళ్ల నొప్పి. ఆమెను ఎవలడిగిన్రు?"

అక్కడే రోడ్డు మీద నిలబడిపోయాను. మా అమ్మా రాలేదు. నా తోడబుట్టిన చెల్లె రాలేదు. వాళ్ల మనసులో ఏముందో టీవీవాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. రానివాళ్లు ఏరి అన్న ప్రశ్నకు జవాబు తేవాలంటే వాళ్ల దగ్గరికి పోవాలి. అయితే పోతాను అనుకున్నాను.

ఇప్పుడంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలు. అప్పుడు అంతా వరంగల్ జిల్లానే. మా తల్లిగారిది కేసముద్రం పక్క ఊరు. మా చెల్లెను ఇచ్చింది చిట్యాల. రైళ్లు నడిచిన ఒక రోజు చూసుకుని నేనూ గాజుల చెల్లె కేసముద్రం వెళ్లాం. అక్కడి నుంచి ఫోను చేసేదాకా మా ఆయనకు తెలియదు. చెబితే వద్దంటాడని కాదు, తనూ వస్తానంటాడని.

కేసముద్రం మార్కెట్లో మక్కలు దిగుతున్నాయి. ట్రాక్టర్ల వెనక, లారీల కింద రాలిన గింజలు ఊడ్చుకునే ఆడవాళ్లు నీడకు కూర్చున్నారు. వాళ్లలో ఒకామెను అడిగాను. అన్నీ చెప్పింది. చదువు వచ్చా అంటే, "ఏడ వస్తది, నిశాని మనిషిని, ఏలిముద్ర ఏసేదాన్ని," అంది. గాజుల చెల్లె ‘రాదు’ అని రాసుకుంది. ఇంతలో పక్కనున్న ముసలామె ఒక ఖాళీ బస్తా లాగబోతే ఈమె గట్టిగా అరిచింది. "ఓ అవ్వా, గది మనది గాదు! ఖమ్మం అని రాసున్నది కనవడ్తలేదా?"

నేనూ చెల్లె ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అక్కా, చదువు రాదంటివి?" అన్నాను.

ఆమె చీపురు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "కాయితం పట్టుకొని వచ్చినోళ్లకు చదువు వచ్చు అని ఎవలు చెప్తరే? వస్తది అంటే ఉన్న పింఛన్ గూడ కొట్టేస్తరు. నువ్వు సర్కారోళ్ల మనిషివి గాదా?"

"కాదు."

"మరి ఎందుకు రాసుకుంటున్నవ్? ఇల్లు ఇప్పిస్తవా?"

"లేదక్కా. మనకు చదువు ఎందుకు రాలేదో తెలుసుకుందామని."

"గందుకు కాయితమెందుకు? మా చిన్నతమ్మున్ని సంకనేసుకొని తిరిగిన, గందుకు రాలే. కొన్నక్షరాలు బస్తాలు చూసి చూసి వచ్చినయ్." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకామె, "నేనైతె ఇద్దర్ని మోసిన," అంది. ఇంకొకామె వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి చదువు వచ్చా అని అడగడం మానేశాం. చెల్లె తన సంచిలోంచి గాజుల డబ్బా తీసి, "గిది ఏం రంగు అని రాసిన్రు అక్కా?" అని చేతికిచ్చేది. చదివితే చదువు వచ్చినట్టు. నోటి మాటకు, నిజానికి మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ డబ్బా చూపించింది. చదివినవాళ్లకు ఒక జత గాజులు ఇద్దామా అని నేనంటే, "దుకాణం నీదా నాదా ఆపా?" అంది చెల్లె.

ఆ రాత్రి తల్లిగారింట్లో అమ్మ జవాబులూ రాసుకున్నాం. అక్కడి నుంచి చిట్యాలకు తిన్నగా పోయే దారి లేదు. ఆటోలు మారుతూ, ఒకచోట పత్తి ట్రాక్టరు ఎక్కి చేరాం. మా చెల్లె మొగుడు, నాకు మరిది, భూపాలపల్లి బొగ్గుగనిలో పని చేస్తాడు. గని కూడా సమ్మెలోనే ఉంది కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. నేనొచ్చిన పని విని మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"వదినా, నేను బొగ్గు తవ్వుత. నువ్వేం తవ్వుతవ్?"

"మీరు దాచిపెట్టినయి తవ్వుత," అన్నాను.

మర్నాడు పత్తి చేన్లకు పోయాం. ఏరుతున్నవాళ్ల వెంట సాళ్లలో నడుస్తూ అడిగాం. నిలబడితే వాళ్ల పని ఆగుతుంది. ఒక పిల్ల, పెళ్లయి ఏడాది కాలేదేమో, వంటా వార్పుకు పోలేదా అంటే, "మాకేమన్న తక్కువ ఇష్టమా? పత్తి పగిలింది గదక్కా, అది సమ్మె చెయ్యది," అంది. ఆ మాట నేను మా ప్రశ్నల్లో ఎక్కడా రాసుకోలేకపోయాను. అయినా నా కోపం పోయింది. సారు అన్నది మా ఉద్యమం చిన్నదని కాదు, నా కాగితాలు చిన్నవని.

మా చెల్లె మాత్రం జవాబు చెప్పలేదు. "నాది రాయకు. బాపు నన్ను బడికి ఎందుకు తోలలేదో నీకెర్కే గద. రాస్తె నలుగురి నోట్లె పడ్తడు," అంది. చచ్చిపోయిన తండ్రిని దాచుకుంటోంది. దాని గళ్లు ఖాళీగా వదిలేశాను. అలా ఖాళీగా వదిలినవి ఇంకా కొన్ని ఉన్నాయి.

జనగామకు వచ్చాక సారు కాగితాలన్నీ చూసి మెచ్చుకున్నాడు. ఖాళీల దగ్గర ఆగాడు. "ఇవి తీసేద్దాం అక్కా. లేకపోతే అందరి లెక్క చూసి సగటు వేసి నింపుదాం. మామూలుగా గట్లనే చేస్తరు."

"మా చెల్లె సగటు మనిషి గాదు. తీసేయకు, నింపకు," అన్నాను.

సారు తల గోక్కున్నాడు. చివరికి ‘చెప్పలేదు’ అన్నదాన్నే ఒక జవాబుగా పెట్టాడు. అలా చేయడం కూడా పద్ధతే అన్నాడు. ముందే చెప్పొచ్చు గదా అన్నాను. కొందరిని పక్కన దాచి ఉంచి, మిగతావాళ్లతో చెట్టు కట్టి, దాచినవాళ్ల మీద పరీక్షించి చూడాలని అప్పుడే నేర్పాడు. ఒకరి ఒంటికి అంటుకుపోయేలా కుట్టిన జాకెట్టు ఇంకొకరికి పట్టదు. పట్టిందో లేదో తెలియాలంటే కుట్టించుకోని మనిషికి తొడిగి చూడాలి. నాకు ఇట్టే అర్థమైంది.

ఈసారి తెర మీద నిజంగా చెట్టు వచ్చింది. యంత్రం మొదటి ప్రశ్నగా డబ్బును సూచించే కూలి ప్రశ్నను తీసుకోలేదు, బడి దూరాన్నీ తీసుకోలేదు. నీ వెనక ఎందరు చిన్నపిల్లలు అన్నదాన్ని తీసుకుంది. దాని కింద, చదువు వచ్చిన ఆడమనిషి కంటికి ఆనే దూరంలో ఉండేదా అని. సంకలో పిల్లవాడు, కళ్ల ముందు చదివే ఆడది లేకపోవడం, ఈ రెండూ కలిసినచోట కొమ్మ చివర చదువు రాదు అని ఉంది. నేను ఆ చెట్టును చాలాసేపు చూశాను. మా ఊరి ఆడపిల్లలందరం దాని మీద కూర్చున్నట్టు అనిపించింది.

చూపించే రోజు ఇన్‌చార్జి మేడం వచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను మా భాషలోనే చెప్పాను. మంచి భాషలో చెప్పమని ఎవరైనా అంటారేమో అని చూశాను, అనలేదు. అంతా విన్నాక మేడం అడిగింది. "బావుందండీ. మరి మిమ్మల్ని ఇందులో పెట్టి చూశారా?"

చూడలేదు. సారు నా సంగతులు ఎక్కించాడు. నా వెనక ముగ్గురు తమ్ముళ్లు, ఒక చెల్లె. పక్కింట్లో గాని, ఎదురింట్లో గాని చదువు వచ్చిన ఆడమనిషి లేదు. చెట్టు కొమ్మ మీద కొమ్మ దిగి ఆగింది. చదువు రాదు.

గదిలో అందరూ నవ్వారు. గాజుల చెల్లె మాత్రం నవ్వలేదు. మేడం కూడా నవ్వింది, ఆ పెదవి చివరి నవ్వే. "మీ చెట్టే చెబుతోంది కదండీ, మీలాంటివాళ్లకి చదువు రాదని. ఇంక నేను చెప్పాల్సిందేముంది?"

నా సీటు పోయిందని అందరూ అనుకున్నారు. నేను మాత్రం తెర పక్క నుంచి కదల్లేదు.

"అది అయిపోయినోళ్లను చూసి చెప్పింది మేడం," అన్నాను. "నేనింక అయిపోలే."

నవ్వులు ఆగాయి. సారు లేచి, ఏ చెట్టయినా కొందరి దగ్గర తప్పుతుందని, అందరి దగ్గరా ఒప్పయితే అది నేర్చుకోలేదు, బట్టీ పట్టిందని లెక్క అని చెప్పాడు. మేడం తల ఊపింది, కానీ వదల్లేదు. "అయితే ఆవిడ వివరాల వరసని కలపకండి. చెట్టు శుభ్రంగా ఉంటుంది."

"కలుపుత," అన్నాను. "తప్పు అని రాసే కలుపుత. ఎవలన్న చూసి గీమె ఎవలు అని అడగాలె."

మేడం నా వైపు తిరిగింది. ఈసారి పెదవి చివర ఏమీ లేదు. "పరీక్షలో తప్పితే?"

"మళ్ల రాస్త."

"మళ్లీ తప్పితే?"

"మీరు అలిసిపోయేదాక రాస్త మేడం."

ఆవిడ లేచి చీర కొంగు సవరించుకుంది. "రేపట్నుంచి రండి," అని డిగ్రీ పిల్లల కాగితాల వైపు తిరిగింది.

మర్నాడు బంద్. నేను పొద్దున్నే వెళ్లాను. కేంద్రం తాళం వేసి ఉంది. మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి చెల్లె వచ్చింది. ఆ తర్వాత సారు, మోటారు సైకిలు తోసుకుంటూ.

"ఇయ్యాల బంద్ గదక్కా. నువ్వు చౌరస్తల ఉండాలె."

"ఉంట. పొయ్యిలు అంటుపెట్టేటందుకు ఇంక సేపున్నది," అని పక్కకు జరిగి చోటు ఇచ్చాను. "అప్పటిదాక చెప్పు సారు. చెట్టు తర్వాత ఏంది?"

సారు జేబులోంచి సుద్దముక్క తీసి, "గుంపులక్కా, ఎవలు ఎవలికి దగ్గరనో చూసుడు," అంటూ మెట్టు మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు.